పదిహేడో ప్రశ్న

2011 జనవరి పంతొమ్మిది, బుధవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. జనగామలో పద్నాలుగు డిగ్రీల చలి. ఈశాన్యం నుంచి పలుచని గాలి వీస్తోంది. పొగమంచు ఇంకా విడలేదు. రైలు కట్టకు అవతలి జిన్నింగ్ మిల్లు రేకుల కప్పు కనిపిస్తోంది గానీ గోడలు కనిపించడం లేదు. చలికి వేళ్ళు బిగుసుకున్న మనిషి ప్రశ్నలకు పొట్టి జవాబులిస్తుందని, దానివల్ల ఫలితం మారవచ్చునని, సర్వేకు వెళ్ళిన ప్రతిచోటా వాతావరణం రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఆనాటి పుస్తకంలో గాలి దిక్కు ఉంది. అసలు రాసుకోవలసిన సంగతి లేదు.

అప్పుడు నాకు యాభై ఆరేళ్ళు. పుట్టింది జనగామలోనే అయినా హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాను. పనిచేసే చోట మనసు మీద పడే ఒత్తిడిని కొలిచే పరిశోధన ఒకటి చేతిలో ఉంది. దానికి రెండు చోట్లు ఎంచుకున్నాను: భూపాలపల్లిలో భూగర్భ బొగ్గు గని, జనగామలో పత్తి మిల్లు. ఒకచోట అందరూ మగవాళ్ళు, మరొకచోట అందరూ ఆడవాళ్ళు. ఇరవై ఐదు ప్రశ్నల పట్టిక విదేశాలలో తయారైనది. తెలుగులోకి తెచ్చింది నేను. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు. మొత్తం ముప్పై దాటితే ఆ మనిషికి వైద్య సహాయం అవసరమని అర్థం.

భూపాలపల్లి పని అంతకు వారం ముందే ముగిసింది. అక్కడ నలభై ఆరుగురు కార్మికులకు కాగితాలు పంచి, ఎవరిది వారే నింపాలని చెప్పాను. వాళ్ళు తలలూపి, క్యాంటీన్ బల్లల చుట్టూ గుంపులుగా కూర్చుని, ఉపేందర్ అనే ఆయనను చదవమన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఖంగుమనే గొంతు. "రాత్రిపూట నిద్ర పడతలేదా?" అని ఆయన చదివితే అందరూ "పడతది, రాయి" అన్నారు. "పనికి పోవాలంటే భయమైతదా?" అని చదివితే నవ్వులు. "భయమైతే బాయిల దిగుతమా? లేదు, రాయి." నలభై ఆరు కాగితాలూ పది నిమిషాలలో తిరిగి వచ్చాయి. గనిని అక్కడ బాయి అంటారు.

నేను జీపు ఎక్కుతుండగా ఉపేందర్ పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "మేడం, పోయినేడు బాయిల కప్పు కూలి మా జోడీగాడు పోయినప్పటిసంది నాకు నిద్ర లేదు. గాని రాసేటందుకు రాదు. అవునని రాస్తే బాయిలకెల్లి తీసి తక్కువ జీతం పైపనికి ఏస్తరేమోనని ఒక పరేషాన్. ఆ సంగతి పక్కనోనికి తెలిస్తే ఇంకో పరేషాన్."

విన్నాను. కాగితంలో లేనిది లెక్కలోకి రాదని, వినీ రాసుకోలేదు. గని కార్మికుల సగటు నాలుగు మార్కులు వచ్చింది.

ఇప్పుడు జనగామ. నాకు సహాయంగా వచ్చిన పరిశోధక విద్యార్థిని పేరు నవ్య. మహబూబాబాదు అవతల గూడూరు దగ్గర ఒక తండాలో హరిలాల్ అనే రైతు కూతురు. ఎమ్మేలో రెండో ర్యాంకు. టీచర్ పరీక్షలు రాయమని తండ్రి పోరితే కాదని ఈ శాస్త్రంలో చేరింది. "పిచ్చోళ్ళ సదువు ఏం సదువు బిడ్డా, రేపు ఎర్రగడ్డ దవాఖానల ఉంటవా" అని ఆయన నా ముందే ఒకసారి అన్నాడు. హాస్టల్లో తాను లంబాడీ పిల్లనని ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. నాకు తెలుసు గనుకనే, మిల్లులో పనిచేసేవాళ్ళలో పంతొమ్మిది మంది గూడూరు వైపు తండాల ఆడవాళ్ళని విని, భాష కలుస్తుందని ఆమెను తీసుకువెళ్ళాను.

మిల్లు వెనుక రేకుల షెడ్డులో ఉంటారు వాళ్ళు. పత్తి మొదలైనప్పుడు రైలెక్కి వచ్చి, పత్తి అయిపోయాక వెళతారు. వాళ్ళను తీసుకొచ్చే జట్టు పెద్ద చంద్రి, నలభై ఐదేళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళుగా ఆమె మాట మీద తండాల నుంచి ఆడపిల్లలను పంపుతున్నారు. మేము షెడ్డు దగ్గరకు రాగానే ఆమె నవ్య ముఖంలోకి చూసింది.

"నువ్వు హరిలాల్ బిడ్డవు గాదు?" అంటూ రెండు చేతులూ చాచి ముందుకు వచ్చింది.

నవ్య ప్రశ్నపత్రాల కట్టను గుండెకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. "డ్యూటీల ఉన్న, యాడీ" అంది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. చంద్రి చేతులు దించుకుంది. సరిగ్గా అప్పుడే స్టేషను వైపు నుంచి మూట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. షెడ్డులోంచి మరొకామె ఎదురు వెళ్ళింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి, కొంగులు ముఖాల మీదికి లాక్కుని, గొంతెత్తి ఏడవసాగారు. అది మామూలు ఏడుపు కాదు. దీర్ఘం తీసి, మాటలు కూర్చి, ఒకరు ఆపిన చోట మరొకరు అందుకుంటూ సాగింది.

"ఎవరైనా పోయారా?" అని నవ్యను అడిగాను.

"లేదు మేడం. ఏం లేదు. ఊరికెనే." ఆమె నేల చూపులు చూస్తోంది.

ఆ జవాబును నేను ఒప్పుకున్నాను. తర్వాత జరిగిన ప్రతిదానికీ మొదటి కారణం అదే.

ఆ పంతొమ్మిది మందినీ ప్రశ్నలడిగే పని నవ్యకు అప్పగించి నేను మిల్లులోకి వెళ్ళాను. జిన్నుల ముందు నిలబడి ఆడవాళ్ళు పత్తిని రోలర్లలోకి తోస్తుంటారు. దూది ఒకవైపు, గింజ మరొకవైపు పడుతుంది. గాలిలో లేచే దూది ధూళి, ఆ దూగరలో పక్కమనిషి కనిపించదు, చప్పుడులో మన మాట మనకే వినిపించదు. చప్పుడుకీ ఒత్తిడికీ సంబంధం చూడాలని ఒక్కో జిన్ను దగ్గర ఒక్కోసారి కొలిచి, జిన్ను నంబరు, షిఫ్టు, చప్పుడు, ఆ జిన్ను మీద పనిచేసే మనిషి మార్కులు, నాలుగూ ఒక పట్టికలో చేర్చాను. పేర్లు రాయనని వాళ్ళకు మాట ఇచ్చాను. రాయలేదు.

పంతొమ్మిది మందిలో పదకొండు మందికి ముప్పై దాటింది. నివేదికలో నా వాక్యం ఇది: "గని కార్మికులతో పోల్చినపుడు తండా స్త్రీలలో భావోద్వేగ అస్థిరత తీవ్ర స్థాయిలో ఉంది." రాసినప్పుడు ఆ వాక్యం నాకు చక్కగా కుదిరినట్టనిపించింది.

మిల్లులో సర్వేకు అనుమతి ఇచ్చినప్పుడు మేనేజరు పెట్టిన షరతు ఒకటే, నివేదిక ప్రతి తనకూ పంపాలని. మేనేజరు వెంకన్న నా పాత విద్యార్థి. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ముందు బెంచీలో కూర్చుని నోట్సు అందరికన్నా శుభ్రంగా రాసేవాడు. ఫిబ్రవరి ఏడున ప్రతి పంపాను. అతడు పట్టికను హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని, ఏ షిఫ్టులో ఏ జిన్ను మీద ఎవరున్నారో చూసుకున్నాడు. ఫిబ్రవరి పదహారున పదకొండు మందికీ తలా ఒక కాగితం చేతికిచ్చాడు: మానసిక అనారోగ్యం రీత్యా మిషన్ పని నుంచి తొలగించడమైనది. మొదటి పేరు చంద్రిది.

మర్నాటి నుంచి ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అంతటా సహాయ నిరాకరణ మొదలైంది. ప్రభుత్వోద్యోగులు ఆఫీసుకు వచ్చారు గానీ పెన్ను ముట్టలేదు. అందువల్ల ఆ పదకొండు మందికి ఫిర్యాదు చేసుకోవడానికి ఎవరూ లేకపోయారు.

నవ్య ఫోను చేసి సంగతి చెబితే ఇరవై ఒకటవ తేదీన ఆమెతో కలిసి జనగామ వెళ్ళాను. పదకొండు మందీ మిల్లు గేటు ముందు మూటలతో కూర్చుని ఉన్నారు. చంద్రి లేవలేదు.

"రైలు టికెట్టు ఇప్పిస్తనన్నడు మేనేజరు," అంది. "నేను ఎక్కను. పిచ్చోళ్ళమని కాయితం పట్టుకొని తండల ఎట్ల దిగుత? రేపటేడు నా ఎంట ఎవరు పంపుతరు వాళ్ళ పిల్లలను? పక్క మిల్లోళ్ళకు గూడ ఎరుకైంది. వాళ్ళ రాత్రి షిఫ్టు పోరగాళ్ళు ఎర్రగడ్డ బస్సు వచ్చిందని కూతలు పెడ్తున్నరు."

"చంద్రమ్మా, మీ జవాబులను బట్టే..."

"ఏం జవాబు? ఎన్నిసార్లు ఏడ్చినవని అడిగింది మీ పిల్ల. ఏడుసార్లని చెప్పిన. ఏడుగురు వచ్చిన్రు మా మనుషులు. ఎందుకేడ్చినవంటే, మా వదినె వచ్చింది, మా చెల్లె వచ్చింది, అందుకేడ్చిన అన్న. మా తాన చుట్టం వస్తే ఏడ్చి కలుస్తరు. మీ తాన ఏం జేస్తరు?"

"బాగున్నారా అంటాం."

"గంతేనా? ఏడాది కలవని మనిషిని బాగున్నవా అని ఇడిసిపెడ్తరా?" ఆమె నన్ను జాలిగా చూసింది. "మరి మీకు రాయాలె మేడం, పిచ్చని."

పక్కనున్న బుచ్చి అనే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు. ఐదు రోజులుగా గేటు ముందు కూర్చున్నవాళ్ళు అలా నవ్వడం నా ముప్పై మార్కుల కొలతకు ఏమాత్రం సరిపడలేదు.

మర్నాడు, ఆ మర్నాడు బంద్. రైళ్ళు లేవు, బస్సులు లేవు. జనగామలో మేనత్త ఇంట్లోనే ఉండిపోయి, వెంట తెచ్చుకున్న పంతొమ్మిది కాగితాలనూ నేల మీద వరుసగా పరిచాను. పదిహేడో ప్రశ్న: గత నాలుగు వారాలలో ఎన్నిసార్లు ఏడ్చారు? దాని కింద, ప్రత్యేకమైన కారణం ఉందా, లేదా? 'లేదు' అంటే మార్కులు రెట్టింపు. పంతొమ్మిది కాగితాలలోనూ 'లేదు' దగ్గర గీత ఉంది. పంతొమ్మిదీ నవ్య చేతి గీతలే. ఏడుపుకు సంబంధించిన ప్రశ్నలు పట్టికలో ఇంకా మూడున్నాయి. ఆ నాలుగూ తీసేసి కూడితే ముప్పై దాటినవారు ఒక్కరూ లేరు.

నవ్యను పిలిచి కాగితాలు చూపించాను.

"వాళ్ళు కారణం చెప్పిన్రు మేడం. నేనే రాయలే," అంది. "రాస్తే మీరు అదేందని అడుగుతరు. ఇది మా తండల రివాజు అని చెప్పాలె. సెమినార్ల ఆ పేజీ అందరు చదువుతరు. మా హాస్టల్ పిల్లలు నన్ను ఏడ్చి చూపెట్టమంటరు. కారణం లేదని గీత పెడితే ఎవరేం అడగరనుకున్న."

"అడగలేదు కూడా," అన్నాను. ఆమె కారణాన్ని దాచింది; దాచిందని నేను చూడలేదు. ఇద్దరిలో జీతం తీసుకునేది నేను.

సాయంత్రం మా విభాగాధిపతికి ఫోను చేసి నివేదికను వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ప్రొఫెసరు పదవికి నా ఇంటర్వ్యూ మార్చి ఆఖరున ఉంది. నా దరఖాస్తుకు బలం ఈ పరిశోధనే. ఆయన చెడ్డవాడు కాదు, నాకు మేలు కోరేవాడు.

"తొందరపడకుండ్రి," అన్నాడు. "ఇంటర్వ్యూ అయినంక ఒక సవరణ పేజీ పెడదాం. ఇంకో మాట. ఇప్పుడు మనం రాష్ట్రం అడుగుతున్నం. మనోళ్ళకు పాలన చేతగాదు, చదువు చేతగాదు అని అవతల రోజూ టీవీల అంటున్నరు. గీ టైంల మన లెక్క తప్పని మనమే చాటుకుంటే వాళ్ళు నవ్వరా?"

"మన యాసను సినిమాల్లో జోకర్ల నోట పెట్టినందుకు మనం ఎన్నేళ్ళు మండిపడ్డాం సార్?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"వాళ్ళు మన మాట విని వెకిలి అన్నారు. నేను వీళ్ళ ఏడుపు విని జబ్బు అన్నాను. వాళ్ళకన్నా నేను చదువుకున్నదాన్ని కనుక మార్కులు కూడా వేశాను."

ఆయన "ఆలోచించుకోండి" అని పెట్టేశాడు. ఆలోచించుకోవడానికి నిజంగానే ఒక రాత్రి ఉంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగితే పత్తి అయిపోతుంది. పదకొండు మందీ ఆ కాగితాలతోనే తండాలకు వెళతారు. ఇందులో తేల్చవలసింది ఇంకేమీ లేదు.

ఇరవై నాలుగవ తేదీ గురువారం చంద్రినీ మిగతావాళ్ళనూ వెంటబెట్టుకుని నవ్యా నేనూ లేబరు ఆఫీసుకు వెళ్ళాం. ఆఫీసు తలుపు తెరిచి ఉంది, కుర్చీలు ఖాళీ. అందరూ ఎదురుగా వేసిన టెంటులో ఉన్నారు. జంపఖానా, వెనుక బ్యానరు, మూలన డప్పు, ఒక మైకు. లేబరు ఆఫీసరు బలరాం నన్ను చూసి లేచాడు.

"మేడం, మీకు తెల్వనిదేముంది. పెన్ డౌన్. పదిహేడు తారీఖుసంది సంతకం అన్నది లేదు. నా బిడ్డ ప్రోగ్రెస్ కార్డు మీద గూడ పెట్టలే."

"పెన్ను దించినవు సరే," అంది చంద్రి. "చెవులు గూడ దించినవా సారూ?"

టెంటులో నవ్వులు లేచాయి. బలరాం కూడా నవ్వి, జంపఖానా మీద జాగా చూపించాడు. "కూసోండ్రి అవ్వా. రాయను గని ఇంట." వెంకన్నను కూడా పిలిపించాడు. వెంకన్న రోజూ సాయంత్రం ఆ టెంటులోనే కూర్చుంటాడట. మెడలో గులాబీ కండువాతోనే వచ్చాడు. నన్ను చూసి నమస్కారం చేశాడు.

"మేడం, నాకు వీళ్ళ మీద పగ లేదు," అన్నాడు. "పోయిన సీజన్ల ఒకామె చెయ్యి రోలర్ల పడ్డది. ముంజేతి దాకా పోయింది. నేనే ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. మతి స్థిరం లేని మనిషిని మిషిన్ కాడ నిలబెట్టినవని రేపు నన్నే అడుగుతరు. మతి స్థిరం లేదని నేను అన్లే. మీరే రాసిన్రు."

అతడు నా నివేదికను సంచిలోంచి తీసి విప్పాడు. నా వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. క్లాసులో ఎలా గీయాలని నేర్పానో అలాగే, స్కేలు పెట్టి గీశాడు.

చంద్రి తమ రివాజు గురించి చెప్పింది. బలరాం శ్రద్ధగానే విని, మెడ గోక్కున్నాడు. "నేను నమ్ముతనే అవ్వా. గని ఇవతల ప్రొఫెసరమ్మ రాసిన కాయితం ఉన్నది, అవతల మీ నోటిమాట. ఒక పని జెయ్యుండ్రి. ఆ ఏడుపేందో జర ఒక్కసారి చూపెట్టుండ్రి. ఇక్కడ యాభై మంది సాక్షులుంటరు. అది జబ్బు కాదని అందరికీ సమజైతది."

"మైకు గూడ ఉన్నది," అన్నారెవరో వెనుక నుంచి.

"చూపెట్టం," అంది చంద్రి.

"నీ మంచికే అవ్వా."

"మా ఏడుపుల మా అవ్వ పేరుంటది. కడుపుల పోయిన పిల్లల లెక్క ఉంటది. ఎదురంగ మా మనిషి ఉంటేనే ఆ మాటలొస్తయి. తమాషా చూసెటోళ్ళ ముందట బయటికి రావు, రానియ్యం. పని పోతే పోనియ్. పిచ్చోళ్ళమని రాసుకుంటె రాసుకోండ్రి. ఆడి చూపెట్టి మాత్రం అడుక్కోం."

ఆమె వెనుక కూర్చున్న పదిమందిలో ఒక్కరూ కదలలేదు. టెంటులో నవ్వు ఆగిపోయింది. బలరాం వెంకన్న వైపు చూశాడు. వెంకన్న కాగితం వైపు చూశాడు. తాను పోగొట్టుకుంటున్నది ఏమిటో చంద్రికి పూర్తిగా తెలుసు. అయినా తూకం వేసి, ఏది ఇవ్వకూడదో తేల్చుకుని కూర్చుంది. నా పట్టిక కొలవగలనని చెప్పుకున్న మానసిక స్థిరత్వం అదే.

నవ్య లేచింది. "సార్, వీళ్ళు ఏం చూపెట్టక్కర లేదు," అంది. "నేను గూడూరు కాడ తండా పిల్లను. ఆ రివాజు నాకు తెలుసు. వీళ్ళు కారణం చెప్తే నేనే కారణం లేదని గీత పెట్టిన. సిగ్గుతోటి పెట్టిన. తప్పు వీళ్ళది గాదు, నాది."

"నీది సగం," అన్నాను. "మిగతా సగం నాది." బలరామ్‌ను తెల్ల కాగితం అడిగాను.

కాగితం వచ్చింది. నేను పెన్ను తీయగానే, ముందు వరుసలో కూర్చున్న ఒక లెక్చరరు గొణిగాడు. "మేడం, మనం గూడ సహాయ నిరాకరణలనే ఉన్నం. మనోళ్ళే పెన్ను పడితే ఎట్ల?"

"ప్రభుత్వం పని చేయనన్నాను నాయనా. తప్పు దిద్దుకోనని అనలేదు."

అక్కడే కూర్చుని రాశాను. మొదటి ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులోని వాక్యాలు ఇవి:

"జనగామ జిన్నింగ్ మిల్లులోని తండా స్త్రీల గురించి నేను ఇచ్చిన నిర్ణయం తప్పు. బంధువులను కలిసినపుడు ఏడవడం వారి మర్యాద. దానిని వ్యాధి లక్షణంగా లెక్కించాను. పేర్లు ఇవ్వనని చెప్పి, మనుషులను గుర్తుపట్టగలిగే పట్టికను బయటికి ఇవ్వడం నా రెండో తప్పు. భూపాలపల్లి గని కార్మికులు ఆరోగ్యంగా ఉన్నారన్న నిర్ణయం కూడా నిలవదు. నిజం చెబితే పరువు పోతుందని భయపడే చోట, పదిమంది మధ్య భయం ఉందా అని అడిగి, లేదన్న మాటను నమ్మాను. ఏడ్చేవారిని రోగులనీ, ఏడవలేనివారిని ఆరోగ్యవంతులనీ రాసిన ఈ నివేదికను పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను."

సంతకం పెట్టి, పైకి చదివాను. చంద్రి మధ్యలో ఒకచోట ఆపింది. "మర్యాద అని రాసినవా? మంచిగ రాసినవు. ఇంకోసారి చదువు."

ఇంకోసారి చదివాను.

వెంకన్న కండువా కొసను వేళ్ళకు చుట్టుకున్నాడు. "మరి చెయ్యి రోలర్ల పడకుండ ఎట్ల మేడం? ఎవరిని నిలబెట్టాలె, ఎవరిని వద్దనాలె, నాకు ఎట్ల తెలుస్తది?"

"నా పట్టిక అది చెప్పదు. ఏడ్చే మనిషి చేయి తడబడుతుందని నేను ఎక్కడా కొలవలేదు; నువ్వూ కొలవలేదు. చెయ్యి పోయిన ఆమె అప్పటికి ఎన్ని గంటల నుంచి పనిలో ఉంది?"

చంద్రి చెప్పింది. "పదహారు గంటలు. రాత్రామె రాకుంటే ఈమెనే నిలబెట్టిన్రు. ఆమె మా తండామె గూడ గాదు. ఎన్నడు ఏడ్వంగ నేను సూడలే."

"ఆ సంగతి ఏ కాగితంలోనైనా ఉందా వెంకన్నా?"

"లేదు మేడం," అన్నాడు. తర్వాత, నా వైపు చూడకుండానే, "రేపటిసంది వచ్చి పని జేస్కోమనుండ్రి" అన్నాడు.

అక్కడితో ముగిసిందనుకున్నాను. చంద్రి లేచి కొంగు దులుపుకుంది. "మేం రాము."

"ఏందవ్వా, రమ్మన్న గద," అన్నాడు వెంకన్న.

"కాయితం ఎక్కడిచ్చినవు? మిల్లుల ఇచ్చినవు, అందరు సూడంగ. పిచ్చి లేదన్న మాట టెంటుల జెప్తె ఎట్ల? మిల్లుల చెప్పు."

"సరే, వచ్చి చెప్త."

"మిషిన్లు నడుస్తుంటె ఎవలికి ఇనవడది," అంది చంద్రి. "బందు పెట్టి చెప్పాలె."

ఆ సీజనులో కరెంటు పోయినప్పుడు తప్ప ఆ జిన్నులు ఆగలేదు. వెంకన్న ముఖం ఎర్రబడింది. యజమానికి ఏం చెప్పాలని అడిగాడు. అది తన పని కాదని ఆమె అంది. పదకొండు మందీ మళ్ళీ గేటు ముందుకే వెళ్ళి కూర్చున్నారు. నాలుగు రోజులు కూర్చున్నారు. మధ్యలో బుచ్చి అన్న రైలెక్కి వచ్చి పోదాం రమ్మన్నాడు. ఆమె గేటు ముందే అతని భుజం మీద తలపెట్టి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తినడానికి ఏం తెచ్చావని అడిగి, తాను రావడం లేదని చెప్పి పంపేసింది. వాచ్‌మన్ వింతగా చూస్తుంటే, "రాసుకో, ఎనిమిదోసారి" అందట. ఈ సంగతి నవ్య చెప్పింది. నవ్య ఆ నాలుగు రోజులూ అక్కడే ఉంది.

ఐదో రోజు పొద్దున పది గంటలకు జిన్నులన్నీ ఆగాయి. దూగర మెల్లగా కిందికి దిగింది. వెంకన్న పత్తి కుప్ప పక్కన నిలబడి, ఆ పదకొండు మందికి ఏ జబ్బూ లేదని, ఇచ్చిన కాగితాలు వాపసు తీసుకుంటున్నామని, ఇకమీదట ఎవరికీ వరుసగా రెండు షిఫ్టులు వేయబోమని చెప్పాడు. చివరి మాట ఎవరూ అడగలేదు, అతడే చేర్చాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత జిన్నులు మళ్ళీ మొదలయ్యాయి. పదకొండు మందిలో ఇద్దరు మాత్రం, ఆ మిల్లు నీళ్ళు తాగబోమని చెప్పి, అదే సాయంత్రం పక్క మిల్లులో చేరారు.

మార్చి ఆఖరున నా ఇంటర్వ్యూ జరిగింది. బోర్డులో ముగ్గురున్నారు. సొంత నివేదికనే తప్పని రాసిచ్చిన మనిషి రేపు విద్యార్థుల పరిశోధనలకు ఎలా హామీ ఇస్తుందని ఒకాయన అడిగాడు. తప్పును తప్పని రాసివ్వగలగడమే నేనిచ్చే హామీ అన్నాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను. ఇందులో త్యాగమేమీ లేదు. నా వాక్యం పదకొండు మంది చేతుల్లోకి నోటీసై వెళ్ళింది. పదవి పోతే, అది దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి అయిన ఖర్చు, అంతే.

నవ్య తండ్రి ఆమె చదువు మానిపిస్తాడని అనుకున్నాను. టెంటులో జరిగింది చంద్రి ద్వారా తండాకు ముందే చేరింది. ఆయన హైదరాబాదు వచ్చి, నా గదిలో కుర్చీ అంచున కూర్చుని, "మా పిల్ల సదువుల గిసోంటివి ఇంకెన్ని తప్పులున్నయి మేడం?" అని అడిగాడు. చాలా ఉన్నాయన్నాను. "అయితే సదవనియ్యుండ్రి. దిద్దెటోళ్ళు ఉండాలె గద" అని బస్సుకు వేళయిందని లేచాడు.

నవ్య తన డాక్టరేటుకు ఆ పట్టికనే తీసుకుంది. భూపాలపల్లికి వెళ్ళి ఒక్కొక్కరినీ విడిగా, ఇంట్లో, భార్యాపిల్లలు లేని వేళ చూసి అడిగింది. ఉపేందర్‌తో రెండు గంటలు మాట్లాడింది. ఆ రెండు గంటలలో ఏం చెప్పాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈసారి గని కార్మికుల సగటు ఇరవై తొమ్మిది వచ్చింది.

ప్రొఫెసరు పదవి ఆ ఏడు రాలేదు. ఆ తర్వాత రెండుసార్లు దరఖాస్తు చేశాను, అప్పుడూ రాలేదు. రాష్ట్రం ఏర్పడిన ఇరవై ఎనిమిది రోజులకు, 2014 జూన్ ముప్పైన, అసోసియేట్ ప్రొఫెసరుగానే పదవీ విరమణ చేశాను.